మన కప్పు మనమే కప్పుకోవాలా?

తెనాలిలో నేను పాఠాలు చెప్పే బడిలో ఒకరోజు పిల్లల చేత 'ఎవరి పని వాళ్లు చేసుకోవడం' అనే విషయం మీద మాట్లాడించాను. గాంధీగారు ఆశ్రమంలో మరుగుదొడ్లు కూడా తానే శుభ్రం చేసేవారని ఒక అబ్బాయి చెప్పాడు. విదేశాల్లో ఎంత డబ్బున్నవాళ్లైనా సెలవు రోజున ఇంటికి రంగులు తామే వేసుకుంటారని, కుళాయిలు తామే బాగు చేసుకుంటారని ఇంకో అమ్మాయి చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. చివర్లో రేపల్లె వైపు నుంచి రైల్లో వచ్చి చదువుకునే యానాది అమ్మాయి ఒకతె లేచి నిలబడింది.

"మా ఇల్లు మేమే కప్పుకుంటాం సార్. మా నాయన తాటాకు ఎక్కిస్తాడు, మా అమ్మ గోడ మెత్తుద్ది. నేను పేడ కలిపి అలుకుతా. మమ్మల్నెవరూ గొప్పోళ్లనలేదు. వీళ్లకి సరైన కొంప కూడా లేదంటారు. పని ఒకటే కదా సార్, ఎందుకట్లా?"

నేను కూడా యానాదినే. ఆ అమ్మాయి ఇల్లు లాంటి ఇంట్లోనే పుట్టాను. అయినా ఆ పూట నాకు జవాబు దొరకలేదు. "మంచి ప్రశ్న, రేపు మాట్లాడుకుందాం" అని తప్పించుకున్నాను. ఆ రేపు రావడానికి చాలా రోజులు పట్టింది. ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేను బాకీ ఉన్న జవాబు.

ముందు ఆ పని ఏమిటో చెప్పుకోవాలి. పక్కా ఇళ్లలో పుట్టిన మన పిల్లలకు ఇప్పుడు అది తెలియదు.

మాది చుట్టిల్లు. నడుమ నిట్రాడు, దాని మీద నుంచి చుట్టూ గోడ మీదికి దిగే వాసాలు, వాసాలకు అడ్డంగా కట్టే పెండెలు, ఆ పైన తాటాకు. సముద్రం దగ్గరి పల్లెల్లో ఇల్లు గుండ్రంగా కట్టడం అందం కోసం కాదు. గుండ్రటి గోడకు మూలలుండవు కాబట్టి గాలి దాన్ని ఒకచోట పట్టి తోయలేదు, చుట్టూ జారిపోతుంది. చూరు బాగా కిందికి దించేవాళ్లు. గాలి లోపలికి దూరి కప్పు ఎత్తకుండా అది అడ్డం, మట్టిగోడ తడవకుండా కూడా అదే అడ్డం. వంగి లోపలికి వెళ్లాల్సి వచ్చేది. 'తల వంచుకుని బతికే జాతి' అని దాన్నే ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆ వంపులో ఎంత లెక్క ఉందో వాళ్లకు తెలియదు.

రోహిణి కార్తెలో ఎండలు మండుతుంటే మా నాయన కప్పు కిందికి వెళ్లి పైకి చూసేవాడు. ఎక్కడెక్కడ వెలుగు చుక్కలు కనపడుతున్నాయో అక్కడ ఆకు చివికిందని గుర్తు. మృగశిర రాకముందే పని అయిపోవాలి. కోసుకొచ్చిన ఆకును పరిచి, మీద బరువు పెట్టి అణిచేవాళ్లు. అణగని ఆకు కప్పు మీద లేచి నిలబడుతుంది, గాలికి చిక్కుతుంది. కప్పడం చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి. పై వరస కింది వరస మీద పడాలి. ఈ ఒక్క సూత్రం తప్పితే ఎంత ఆకు వేసినా ఇల్లు కురుస్తుంది. పెండెకు ఆకును తాటినారతోనో కొబ్బరితాడుతోనో కట్టే ముడి మా మామయ్య వేస్తే ఊడేది కాదు. ఆడవాళ్లు మట్టి తొక్కి, అందులో గడ్డి ముక్కలు కలిపి గోడ పగుళ్లు పూడ్చేవాళ్లు. మట్టి ఎండి బీటలు వారకుండా ఆ గడ్డి పట్టి ఉంచుతుంది. ఈ రోజు మా ఇల్లు, రేపు మా మామయ్య ఇల్లు, ఎల్లుండి మా పెద్దమ్మ ఇల్లు. కూలి లేదు. చేసినవాళ్లందరికీ ఆ పూట అన్నం, చేపల కూర. అంతే.

అదే మా నాయన, అదే మామయ్య కూలికి వెళ్లి రైతుల పశువుల కొట్టాలు కప్పేవాళ్లు, పాకలు కప్పేవాళ్లు. ఊరంతా పనితనం మెచ్చుకునేది. వాళ్ల సొంత ఇంటి దగ్గరకొచ్చేసరికి ఆ పనితనం పేదరికంగా మారిపోయేది. అమ్మాయి అడిగిన ప్రశ్న ఇక్కడుంది.

కాస్త ఆలోచిస్తే మొదటి జవాబు తోస్తుంది. మనుషులు మెచ్చుకునేది పనిని కాదు, ఎంచుకునే స్వేచ్ఛని. డబ్బిచ్చి చేయించుకోగలిగినవాడు తానే చేసుకుంటే అది గుణం. వేరే దారి లేనివాడు చేసుకుంటే అది గతి. నిచ్చెన ఒకటే, చేతులు ఒకటే, చెమట ఒకటే. ఒకడు నిచ్చెన దిగి 'ఇవాళ చాలు' అనగలడు. ఇంకొకడు వాన మబ్బును చూస్తూ అనలేడు.

ఈ జవాబు నిజమే గానీ సరిపోదు. స్వేచ్ఛ లేనప్పుడు చేసిన పనిలో విలువ లేదని ఒప్పుకుంటే మా నాయన ముడికి, మా అమ్మ మట్టికి విలువ లేదని ఒప్పుకోవాలి. అది నేను ఒప్పుకోను. విలువ ఉంది. మరి అది ఎక్కడుందో వెతకాలి.

వెతికేముందు ఒక సంగతి గుర్తు చేసుకుందాం. 'పని మనిషిని బాగు చేస్తుంది' అనే నీతి గిరిజనులకు ఎవరు చెప్పారు, ఎట్లా చెప్పారు? బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేసింది. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను తెచ్చి ఆ తర్వాత కొద్ది ఏళ్లకే సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్మెంటులో పెట్టారు. పొలం పని, కూలి పని, క్రమశిక్షణ వీళ్లను మంచివాళ్లను చేస్తాయన్నారు. అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటడానికి మాత్రం వీల్లేదు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. నెల్లూరికి చెందిన వెన్నెలకంటి రాఘవయ్యగారి లాంటివాళ్లు దానికోసం ఏళ్ల తరబడి పోరాడారు.

గాంధీగారి ఆశ్రమంలోనూ పనే నీతి. సెటిల్మెంటులోనూ పనే నీతి. ఆశ్రమానికి మనుషులు కోరి వచ్చారు, కావాలంటే వెళ్లిపోగలరు. సెటిల్మెంటులో చీటీ అడిగేవాడు ఉన్నాడు. కాబట్టి ఎవరైనా మనకు స్వయంకృషి గురించి ఉపన్యాసం ఇస్తే ముందు ఒక మాట అడగాలి: 'అయ్యా, చీటీ ఎవరి దగ్గరుంది?' ఆ మాట అడగకుండా స్వయంకృషిని పొగిడితే మన మెడకు మనమే తాడు కట్టుకున్నట్టు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను. ఇది చెప్పడానికి కొంత సిగ్గుగా ఉంది. అయినా చెప్పాలి.

రేపల్లె వైపు కాలనీలో మా అమ్మకు స్లాబు ఇల్లు వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో మొదలైనప్పుడు దళితులు, గిరిజనులు, వెట్టి నుంచి విడుదలైనవాళ్ల కోసమే మొదలైంది. దాని స్థానంలో 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ వచ్చింది. మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షల రూపాయలు, కనీసం 25 చదరపు మీటర్ల ఇల్లు అని అందులో పెట్టారు. ఈ పథకాల నిబంధనల్లో చాలామందికి తెలియని మాట ఒకటుంది. ఇల్లు లబ్ధిదారుడే కట్టుకోవాలి, మధ్యలో కాంట్రాక్టరు ఉండకూడదు. అంటే 'మీ ఇల్లు మీరే కట్టుకోండి' అన్నది కాగితం మీద మనకున్న హక్కు.

మా కాలనీలో జరిగింది వేరు. ఒకే మేస్త్రి వరసంతా కట్టాడు. మావాళ్లు వేలిముద్రలు వేశారు. మా అమ్మ తన ఇంటికే తాను కూలికి వెళ్లి ఇటుకలు మోసింది. ఇసక ట్రాక్టరు దింపినప్పుడు అందులో చిన్న చిన్న గవ్వ పెంకులు కనపడ్డాయి. మా అమ్మ సముద్రపు ఒడ్డున పీతలు పట్టి పెరిగిన మనిషి. ఏ ఇసక ఎక్కడిదో కాలితో తొక్కితే చెప్పగలదు. "అయ్యా, ఇది ఏటి ఇసక కాదు, ఉప్పు ఇసక. గోడకు నిలవదేమో" అంది. "నీకేం తెలుసు, తట్ట ఎత్తు" అన్నాడాయన. తట్ట ఎత్తింది.

ఇల్లు వచ్చినందుకు మేమంతా సంతోషించాం. తుపానుకు ఎగిరిపోని కప్పు మా వంశంలో అదే మొదటిది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెన కృష్ణకు ఇవతల రేపల్లె తీరాన్ని కూడా వదల్లేదు. ఆ రాత్రి గురించి మా పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లు. 1990 మే నెలలో ఇంకో పెద్ద తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. గుడిసె గొప్పదని, పక్కా ఇల్లు వద్దని ఎవరన్నా అంటే వాళ్లు తుపాను రాత్రి గుడిసెలో గడపనివాళ్లని అనుకోండి. నేను ఆ మాట అనడం లేదు.

పదేళ్లు దాటాక స్లాబు కింద తుప్పు మరకలు కనపడ్డాయి. తర్వాత సన్నని పగుళ్లు. తర్వాత వానొస్తే చుక్కలు. బిందెలు, తపేళాలు పెట్టి మూడు వానాకాలాలు గడిపాం. తాటాకు కప్పుకైతే ఒక్క చుక్క పడితే మర్నాడే మా నాయన ఎక్కేవాడు. అదే కుటుంబం స్లాబు కింద మూడేళ్లు తపేళాలు మార్చుకుంటూ కూర్చుంది. ఎందుకు?

ఒక కారణం, సిమెంటు మాకు తెలియని వస్తువు. రెండో కారణం నా తమ్ముడు చెప్పాడు. "మనం ముట్టుకోవద్దు. మనం పూత పూస్తే రేపు ఆఫీసరు వచ్చి బాగానే ఉందిగా అంటాడు. చెడగొట్టినవాళ్లే బాగు చెయ్యాలి." మా అమ్మ ఒప్పుకోలేదు. "చెడగొట్టినోడు ఎప్పుడొస్తాడో తెలియదు. వాన ఎప్పుడొస్తదో నాకు తెలుసు" అంది. నేను తెనాలిలో అద్దె ఇంట్లో ఉంటూ ఇద్దరికీ ఫోన్లో సర్దిచెప్పేవాణ్ణి. ఇద్దరి మాటా న్యాయంగానే ఉండేది. అందువల్ల ఏ పనీ జరగలేదు.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండు రోజులు వాన. ఆ రాత్రి స్లాబు నుంచి పెద్ద పెచ్చు ఊడి మా అమ్మ పడుకునే మంచం మీద తలవైపు పడింది. కోళ్ల గంప తడుస్తోందని లేచి గుమ్మం దగ్గరకి వెళ్లింది కాబట్టి బతికింది. ఆమెను కాపాడింది నేను కాదు, తమ్ముడు కాదు, మా అర్జీ కాదు. కోళ్లు. న్యాయం ఎవరిదా అని మేము వాదించుకుంటున్న మూడేళ్లూ ఆమె ఆ పెచ్చు కింద పడుకుంది. ఆ సంగతి నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

వాన తగ్గాక బాపట్ల నుంచి మా బావను పిలిచాను. తాపీపని చేస్తాడు. ఊడిన చోట సుత్తితో కొట్టి చూశాడు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంది. లోపల విడిపోయిన చోట బోలుగా మోగింది. బోలుగా మోగినదంతా దించేశాడు. ఇనపచువ్వలు తుప్పుపట్టి పొరలు పొరలుగా ఊడుతున్నాయి. ఆయన చెప్పింది ఇది: ఇసకలో ఉప్పుంటే చువ్వ త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చుట్టూ ఉన్న కాంక్రీటు పగిలి ఊడిపోతుంది. దించిన పెచ్చుల్ని పగలగొట్టి చూపించాడు. లోపల గవ్వ పెంకులున్నాయి.

మా అమ్మ ఆ పెంకుల్ని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది. "నేను అప్పుడే చెప్పాను" అని కూడా అనలేదు.

అమ్మాయి ప్రశ్నకు అసలు జవాబు నాకు అక్కడ దొరికింది. ఆ ఇంటి జబ్బు ఇరవై ఏళ్ల కిందటే మా అమ్మకు తెలుసు. చదువు లేకపోయినా తెలుసు. ఆమెకు లేనిది తెలివి కాదు. 'ఈ ఇసక వద్దు, వెనక్కి పంపు' అనగల అధికారం. ఇల్లు ఆమె పేరు మీద ఉంది, మాట మాత్రం ఆమెది కాదు. తాటాకు ఇంట్లో ఆమె మాటకు విలువ ఉండేది. మట్టి పల్చనైందంటే మళ్లీ తొక్కేవాళ్లు. అంటే గుడిసె నుంచి స్లాబులోకి వచ్చేటప్పుడు మేము కప్పుతో పాటు ఇంకొకటి కూడా మార్చుకున్నాం. మా ఇంటి మీద మా తీర్పును వదిలేసుకున్నాం.

స్వయంగా మరమ్మతు చేసుకోవడంలో నేను చూస్తున్న విలువ అదే. డబ్బు మిగలడం చిన్న సంగతి. ఒళ్లు వంచడం మంచి అలవాటే గానీ అదీ అసలు సంగతి కాదు. తన చేత్తో విప్పి చూసినవాడికి లోపల ఏం పోశారో తెలుస్తుంది. తెలిసినవాడే లెక్క అడగగలడు. బస్తాలెన్ని రావాలి, ఎన్ని వచ్చాయి, పూతకు ఒకటికి నాలుగు కలిపారా, ఎనిమిది కలిపారా, స్లాబును ఎన్ని రోజులు తడిపారు అని అడగాలంటే ఆ పని కొంతైనా చేతికి తెలిసి ఉండాలి. మరమ్మతు విద్య హక్కుకు బదులు కాదు. హక్కుకు కన్ను.

తమ్ముడి మాట, అమ్మ మాట అప్పుడు కలిశాయి. ముందు ఫొటోలు తీశాం. తుప్పు చువ్వ ముక్కను, పెంకులున్న పెచ్చులను పాత పాలడబ్బాలో వేసి దాచాం. ఏం కనపడిందో, ఎప్పుడు కనపడిందో రాసి అర్జీ పెట్టాం. కాలనీలో ఇంకా పదకొండు ఇళ్లలో సుత్తితో తట్టి చూసి, బోలుగా మోగిన ఇళ్లవాళ్ల సంతకాలు కూడా పెట్టించాం. ఆ తర్వాతే మరమ్మతు మొదలుపెట్టాం. చువ్వలకు తుప్పు గీకాం, సిమెంటు పాలు పట్టించాం, పూత వేశాం, వారం రోజులు తడిపాం. పైన నీరు నిలవకుండా వాలు చేశాం. నేను, తమ్ముడు, బావ, మా అమ్మ. మధ్యాహ్నం చేపల కూర వండింది. చాలా ఏళ్ల తర్వాత మా ఇంటి మీదికి మేము ఎక్కాం.

ఈ కథ సుఖంగా ముగిసిందని చెప్పను. ఉప్పు చువ్వల దాకా పోయాక కింద వేసిన పూత తాత్కాలికమేనని, కొన్ని వానలకు ఆగుతుందని బావ ముందే చెప్పాడు. అర్జీకి ఇంకా జవాబు రాలేదు. కానీ ఇప్పుడు మేము అడిగేది దయ కాదు. డబ్బాలో రుజువుంది.

ఈ మాటకు మన యువకుల నుంచి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. వాటిని దాటేయకూడదు.

మొదటిది: 'రోజు కూలి పోగొట్టుకుని ఇల్లు బాగు చేసుకుంటే తిండి ఎట్లా?' ఇది నిజమైన ప్రశ్న. రొయ్యల చెరువుల మీద అడ్వాన్సు తీసుకుని రాత్రీ పగలూ కాపలా ఉండే మన కుటుంబాలకు తమ ఇంటి కప్పు వైపు చూసే తీరికే లేదు. అలాంటివాళ్లతో 'మీ ఇల్లు మీరు బాగు చేసుకోరేం' అనడం నీతి కాదు, నింద. వాళ్లకు ముందు కావలసింది తమ రోజు తమది కావడం. పాత పద్ధతిలో ఈ రోజు మీ ఇల్లు, రేపు మా ఇల్లు అని చేసుకోవడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే. ఒక్కడు పది రోజులు చేసేది పదిమంది ఒక్కరోజులో చేస్తే ఎవరి కూలీ ఎక్కువగా పోదు. స్వయంకృషి అంటే ఒంటరికృషి అని మన పెద్దలు ఎప్పుడూ అనుకోలేదు.

రెండోది కాలవగట్టు మీద ఉండేవాళ్లది. తెనాలిలో మూడు కాలవలు పారతాయి. డెల్టా అంతటా కాలవగట్ల మీద, మురుగుకాలవల పక్కన మనవాళ్ల గుడిసెలున్నాయి. అక్కడి మనుషులు గోడ ఎందుకు గట్టిగా పెట్టుకోరని బద్ధకం అంటగడతారు. రేపు ఖాళీ చేయమంటారేమోనని భయం ఉన్నవాడు నేల గచ్చు చేయడు. మరమ్మతు చేయాలంటే రేపటి మీద నమ్మకం ఉండాలి. ఆ నమ్మకానికి పేరు పట్టా. బొంబాయి పేవ్‌మెంట్ల మీద బతికేవాళ్ల గురించి 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు, బతుకుతెరువు హక్కు జీవించే హక్కులో భాగమని, నోటీసు ఇచ్చి మాట వినకుండా ఖాళీ చేయించకూడదని చెప్పింది. గట్టు మీద ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట తెలిసిన పిల్లవాడు ఒకడుండాలి. నిట్రాడు కంటే ముందు పాతవలసింది అదే.

మూడోది మా ఇంటి ఆడవాళ్ల నుంచి వచ్చింది. 'మనమే చేసుకుందాం అంటే చివరికి చేసేది మేమే' అన్నారు. గోడ మెత్తడం, అలకడం, నీళ్లు మోయడం అన్నీ వాళ్ల మీదే పడతాయి. కప్పు ఎక్కినవాడికి పేరు, మట్టి తొక్కినామెకు నడుంనొప్పి. కాబట్టి మగపిల్లలు మట్టి తొక్కాలి, ఆడపిల్లలు నిచ్చెన ఎక్కాలి. అలా పంచుకోకపోతే ఇంట్లో ఇంకో చిన్న సెటిల్మెంటు పెట్టుకున్నట్టే.

నాలుగోది జాగ్రత్త. చేతనైనంత చేసుకోవాలన్నది నా మాట, చేతకానిది చేయమని కాదు. కరెంటు పని తెలియకుండా ముట్టుకోవద్దు, మెయిను ఆపకుండా అసలు ముట్టుకోవద్దు. పాత ఆస్‌బెస్టాస్ రేకులను కోయడం, పగలగొట్టడం చేయవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత ప్రాణం తీస్తుంది. స్లాబు మొత్తం వంగితే పూత పూసి మోసపోవద్దు, ఇంజనీరుకు చూపించాలి. తన హద్దు తెలిసినవాడే మంచి పనివాడు.

ఇంకొక మాట. ఏడాదికోసారి మట్టి మెత్తాల్సిన ఇల్లు, మూడు నాలుగేళ్లకోసారి కప్పు మార్చాల్సిన ఇల్లు వెనకబాటుకు గుర్తని మన పిల్లలు అనుకుంటున్నారు. ఆఫ్రికాలో మాలి దేశంలో జెన్నే అనే ఊరుంది. అక్కడి పెద్ద మసీదు మట్టితో కట్టింది. ఏటా ఊరంతా కలిసి పండగలాగా దానికి మట్టి మెత్తుతారు. ఆడవాళ్లు నీళ్లు మోస్తారు, కుర్రాళ్లు నిచ్చెనలెక్కుతారు, ముసలి మేస్త్రీలు కింద కూర్చుని తప్పులు చెప్తారు. ఆ ఊరిని 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జపాన్‌లో ఇసే అనే చోట గుడిని ఇరవై ఏళ్లకోసారి మొత్తం కొత్తగా కడతారు. గుడి పాతబడుతుంది గానీ కట్టే విద్య పాతబడకుండా ఒక తరం చేతి నుంచి ఇంకో తరం చేతికి పోతుంది. వాళ్లు చేస్తే వారసత్వం, మనం చేస్తే వెనకబాటా? మన గుడిసెల్నే పట్టుకుని ఉండమని కాదు నా ఉద్దేశం. గుడిసె పోయినా గుడిసెలో ఉన్న అలవాటు పోకూడదు. ఏడాదికోసారి తల ఎత్తి కప్పు వైపు చూడటం, చుక్క పడిన మర్నాడే ఎక్కడం, పదిమందిని పిలవడం. ఆ అలవాటును స్లాబు ఇంట్లోకి కూడా తెచ్చుకోవాలి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. నిట్రాడు, పెండె, వాసం, చూరు అనే మాటలు మన పిల్లలకు అర్థం కాకుండా పోతున్నాయి. ఇళ్ల పెద్దల్ని ఒకరోజు బడికి పిలిచి ఆ మాటల్ని, ఆ ముళ్లను నేర్పించండి. అదే రోజు ఒక మేస్త్రిని కూడా పిలిచి సిమెంటు పాళ్లు, స్లాబును తట్టి చూసే పద్ధతి నేర్పించండి. మూడో గంటలో ఇంటి పథకం కాగితం తెచ్చి, కాంట్రాక్టరు ఉండకూడదన్న వాక్యాన్ని పిల్లల చేత పైకి చదివించండి. ఈ మూడూ ఒకే పాఠం.

ఇక ఆ అమ్మాయికి నా జవాబు.

అమ్మా, మీ నాయన కప్పు ఎక్కడంలో గొప్పతనం ఉంది. దాన్ని ఎవరూ మెచ్చుకోకపోతే తక్కువేమీ కాదు. మీకు వేరే దారి లేకుండా చేసినవాళ్లది మాత్రం తప్పే. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం. ఒకటి చెప్పి రెండోది దాచేవాణ్ణి నమ్మొద్దు. ఇల్లు కప్పే విద్య మీ నాయన దగ్గర నేర్చుకో, గోడ మెత్తే విద్య అమ్మ దగ్గర నేర్చుకో, పట్టా అడిగే విద్య బడిలో నేర్చుకో. రేపు మీకు పక్కా ఇల్లు వస్తుంది. రావాలి. ఆ రోజు ట్రాక్టరు ఇసక దింపుతుంటే నువ్వు అక్కడ ఉండు. గుప్పెడు తీసి చూడు. గవ్వ పెంకులు కనపడితే 'ఈ ఇసక వెనక్కి తీసుకెళ్లండి' అని చెప్పు.

ఆ మాట మా అమ్మ ఇరవై ఏళ్ల కిందటే అంది. అప్పుడు ఆమె పక్కన ఎవరూ లేరు. నీ పక్కన మేముంటాం.